గంట కొట్టని సరంగు

ఆగస్టు 4, ఆదివారం

లాంచీకి సెలవు. పొద్దున్నే ఇంజను గదికి వెళ్లి గేరు నూనె మార్చాను. పాత నూనె వేళ్లకు గరుకుగా తగిలింది. ఇంకో నెల ఆగి ఉంటే పళ్లు అరిగిపోయేవి.

ఈ రోజు మందిరంలో మా ఇంటావిడ ముందస్తు సాక్ష్యం చెప్పింది. పక్క బల్ల మీద కూర్చున్న నాతో ఒక్క మాటైనా అనకుండా లేచి ముందుకు వెళ్లింది. ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో తెలియదు, నేను ఈ మందిరానికి వచ్చేనాటికే ఉంది. దేవుణ్ణి అడిగినది ఇంకా చేతికి రాకముందే, వచ్చేసినట్టుగా అందరి ముందూ నిలబడి కృతజ్ఞత చెప్పాలి. చెప్పాక, రాలేదన్న మాట నోటి వెంట రాకూడదు. ఆ మధ్య ఒక పెద్దాయన కొడుక్కి ఉద్యోగం వచ్చిందని ఇలాగే చెప్పి, వీధిలో ఎవరు పలకరించినా వచ్చిందనే చెప్పుకుంటూ తిరిగాడు. కొడుకేమో ఆయన వెనకాలే అరుగు మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంటూ ఉండేవాడు. అప్పుడు నవ్వుకున్నాను.

"నా కళ్లు బాగయ్యాయి. నీటికాసుల జబ్బు నన్ను వదిలిపోయింది" అందామె. ఆమేన్ అత్త, ఆ పేరు నేను పెట్టింది కాదు, మందిరమంతా ఆమెను అలాగే అంటుంది, కిటికీ అద్దాలు అదిరేలా ఆమేన్ అంది. పాస్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నేను కూడా ఆమేన్ అన్నాను, నాలో నేను.

బాగయ్యాయంటే మంచిదే. మంచిదే కదా.

ఆగస్టు 6, మంగళవారం

స్టూలును గుమ్మం పక్కన ఎవరు పెట్టారో. ఆమె తట్టుకుని బోర్లా పడబోయి గోడ పట్టుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. తీసుకెళ్లి పెరట్లో విసిరేశాను. ఇంట్లో ఉండేది ఇద్దరమే. నేను పెట్టలేదు.

ఆగస్టు 8, గురువారం

స్టూలు లేదు కదా, ఈ రోజు ఆమెకు గుమ్మమే తగిలింది. ఎడమ భుజం నల్లగా కమిలింది. ఆ గుమ్మం మొదటినుంచీ ఇరుకే. వడ్రంగికి చెప్పి వెడల్పు చేయించాలి. ఈ ఇల్లు కట్టినవాడెవడో వాణ్ణి పట్టుకుని అదే గుమ్మానికి కొట్టాలి.

లాంచీ పైన చక్రం పట్టే సరంగుతో చెప్పాను, మా ఇంటావిడ కళ్లు బాగయ్యాయని. నాకై నేను ఒకరికి ఒక సంగతి చెప్పడం చూసి అతను లాంచీ ఆపినంత పని చేశాడు. "మునీశ్వరుడు నోరు విప్పాడు, ఇవాళ తుపాను వస్తుంది" అన్నాడు. తర్వాత, డాక్టరమ్మ ఏమంది అని అడిగాడు. డాక్టరు దగ్గరికి వెళ్లలేదన్నాను. అతను మరి మాట్లాడలేదు. అతను మాట్లాడకపోవడం నాకు నచ్చలేదు.

ఆగస్టు 10, శనివారం

ఇంజను మామూలే. సాయంత్రం మందిరానికి వెళ్లి రేపటి వాక్యభాగాలకు రిబ్బన్లు పెట్టి వచ్చాను. మందిరంలో నాకున్న పని అదొక్కటే. పెద్ద గ్రంథాన్ని బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టడం, రిబ్బన్లు పెట్టడం, ఆరాధన అయ్యాక మళ్లీ బీరువాలో పెట్టడం. మాట్లాడనక్కర్లేని పని అని పాస్టరుగారే చూసి ఇచ్చారు. చదవడం ఆమె పని. పెళ్లయిన కొత్తలో నేను ఆమెను చూడ్డానికి కాదు, ఆమె చదివేది వినడానికి ముందు వరసలో కూర్చునేవాణ్ణి. అక్షరాలు నేను పెద్దయ్యాక నేర్చుకున్నవి, ఇంజను పుస్తకాలు ముందు పెట్టుకుని. అలా చదవడం నాకెప్పటికీ రాదు.

గడిచిన రెండు వారాలూ గొంతు బాగోలేదని చదవలేదు. రేపు చదువుతానంది. తుపానులో పడవ భాగం. చిన్నప్పటినుంచీ ఆమెకు ఇష్టమైనది.

ఆగస్టు 11, ఆదివారం

రిబ్బన్లు తారుమారు చేశాను.

ఎర్ర రిబ్బను పడవ భాగానికి పెట్టాలి. ఏ ధ్యాసలో పెట్టానో, అది ముందు భాగంలో ఎక్కడో ఉండిపోయింది. ఆమె లేచి బల్ల దగ్గరికి నడుస్తున్నప్పుడు గుర్తొచ్చింది. కూర్చున్న చోటునుంచి సగం లేచాను. అప్పటికే ఆమె గ్రంథాన్ని ఎర్ర రిబ్బను దగ్గర తెరిచింది. ఇప్పుడు తడుముకుంటుంది, పేజీలు తిప్పుతుంది, అందరూ చూస్తారు, ఇంటికి వెళ్లాక నాకు మూడుతుంది అనుకుంటూ కూర్చుండిపోయాను.

తడుముకోలేదు. పేజీ తిప్పలేదు. తల దించి, కనుపాపలు అటూ ఇటూ కదుపుతూ, వేలు వరస మీద జరుపుతూ, పడవ భాగాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది. గాలి లేవడం, పడవలోకి నీళ్లు ఎక్కడం, ప్రభువు వెనకవైపు తలగడ మీద నిద్రపోవడం, శిష్యులు లేపడం, ఆయన లేచి గాలిని గద్దించడం. గొంతు ఎంత బాగుందంటే పిల్లలు కూడా కాళ్లు ఊపడం మానేశారు.

ఆరాధన అయ్యాక గ్రంథం తియ్యడానికి వెళ్లాను. తెరిచి ఉన్న పేజీలో పడవ లేదు, సముద్రం లేదు. ఏ గోత్రానికి ఏ పొలిమేర ఎక్కడిదాకా అని ఒక పెద్ద పట్టిక ఉంది. ఆమె వేలు జరిపింది ఆ పొలిమేరల మీద.

మూసేసి బీరువాలో పెట్టాను. పాస్టరుగారు నా భుజం తట్టి, "చూశావా తమ్ముడూ, కళ్లజోడైనా లేకుండా ఎలా చదివిందో" అన్నారు.

చూశాను.

ఆగస్టు 12, సోమవారం

డీజిలు. నూనె. బెల్టు బిగించాను. ఇంకేమీ లేదు రాయడానికి.

ఆగస్టు 13, మంగళవారం

ఫ్రిజ్ తలుపు అరలో చుక్కల మందు చూశాను. పోయిన నెల నేను తెచ్చిన సీసా. సీలు కూడా తియ్యలేదు.

ఎడమ కన్ను పోయి చాలాకాలమైంది, మేం తెలుసుకునేలోపే పోయింది. కుడి కన్ను ఉంది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని ఈ చుక్కలే కాపాడతాయి, ఒక్క పూట కూడా మానొద్దు, బతికినంతకాలం వేసుకోవాలి అని డాక్టరమ్మ చిన్నపిల్లలకు చెప్పినట్టు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఈ జబ్బు నొప్పి పుట్టదట, పక్కలనుంచి చీకటి మెల్లగా లోపలికి వస్తుందట. ఆ మాట నేను మర్చిపోలేదు. ఆమె కూడా మర్చిపోలేదు.

సీసా తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె బట్టలు మడత పెడుతోంది, ఆపలేదు. ఎప్పటినుంచి అని అడిగాను. ముందస్తు సాక్ష్యం చెప్పాలని మనసులో అనుకున్న రోజునుంచి అంది.

"అందరి ముందూ బాగయ్యాయని చెప్పి, ఇంటికొచ్చి చాటుగా చుక్కలు వేసుకోమంటారా? అప్పుడు నేను చెప్పింది అబద్ధమేగా. దేవుడి పేరు పెట్టి అబద్ధం ఆడమంటారా?"

"ఆదివారం నువ్వు చదివిన పేజీలో ఏముందో తెలుసా?"

మడత పెడుతున్న చొక్కా అలాగే చేతిలో ఉండిపోయింది. తర్వాత, నెమ్మదిగా, రిబ్బను మీరు సరిగ్గా పెట్టలేదా అని అడిగింది. లేదన్నాను. వరసలు దొరకడం లేదండీ అంది. మధ్యలో మాట కనబడుతుంది, దాని పక్క మాట ఉండదు అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. విశ్వాసం చూపించడంలో నేనే తక్కువయ్యానేమో, ఇంకొన్నాళ్లు గట్టిగా పట్టుకుంటే అంది.

నేను అరిచాను. పెళ్లయ్యాక ఎప్పుడూ అంత అరవలేదు. ఏమని అరిచానో రాయను. పక్కింటివాళ్లు రేడియో ఆపారు.

ఆమె సీసాను మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టేసింది. పారెయ్యలేదు. అది కూడా రాసుకుంటున్నాను, పారెయ్యలేదు.

ఆగస్టు 14, బుధవారం

ఈ రోజు ప్రయాణంలో సరంగు చేత తిట్లు తిన్నాను. అవతలి రేవు దగ్గరికి వచ్చేశామనిపించి నా అంతట నేనే వేగం తగ్గించాను. పైన అతను గంట కొట్టలేదు. లాంచీ ప్రవాహానికి కొట్టుకుపోయి రేవు గుంజకు పక్కవాటుగా తగిలింది. ప్రయాణికులు దిగాక కిందికి వచ్చాడు.

"గంట కొట్టానా?"

లేదన్నాను.

"మరి ఎవడు చెప్పాడు తగ్గించమని? నీకు కింద కిటికీ ఉందా? రేవు కనబడిందా? నేను ఒక గంట కొడితే ముందుకు. రెండు కొడితే ఆపు. మూడు కొడితే వెనక్కి. అసలు కొట్టకపోతే, ఇంతకుముందు ఏది కొట్టానో అదే. ఇన్నేళ్లకు నీకు మళ్లీ అ ఆ ఇ ఈ చెప్పాలా నేను?"

అతని మాటే సరైంది. సారీ చెప్పాను. ఇంట్లో ఏమన్నా గొడవా అని అడిగాడు. లేదన్నాను. అబద్ధం కూడా సరిగ్గా ఆడటం రాదురా నీకు అని వెళ్లిపోయాడు.

ఆగస్టు 16, శుక్రవారం

పాస్టరుగారి ఇంటికి వెళ్లాను. పెరట్లో ఆయన భార్య బట్టలు ఆరేస్తోంది. ఆయన వరండాలో ప్రసంగం రాసుకుంటున్నారు. నా అంతట నేనుగా వచ్చేవాణ్ణి కాదు కాబట్టి, ఏదో చావుకబురు అనుకుని కంగారుగా లేచారు.

చెప్పాను. రిబ్బను సంగతి తప్ప అన్నీ చెప్పాను. రిబ్బను సంగతి ఆమెది, నాది కాదు చెప్పడానికి.

ఆయన చాలాసేపు విని, మందు మానమని నేను చెప్పలేదే తమ్ముడూ అన్నారు. వేసుకోమని చెప్పారా అని అడిగాను. అది కూడా చెప్పలేదు, అది ఆమెకూ ప్రభువుకూ మధ్య సంగతి అన్నారు. అయితే మీరొచ్చి ఒక్క మాట వేసుకోమని చెప్పండి, మీ మాటైతే వింటుంది అన్నాను. ఆయన ఇబ్బందిగా కదిలారు. ఆమె సాక్ష్యం విని ఇంకో నలుగురు లేచారు, ఒకామె కాలి నొప్పి పోయిందని, ఒకాయన తాగుడు మానేశానని, ఇప్పుడు ఆమె వెనక్కి తగ్గిందంటే ఆ నలుగురూ ఏమవుతారు అన్నారు. ఇంకొంచెం ఓపిక పట్టు, తుపానులో కూడా ఆయన పడవలోనే ఉన్నాడు కదా అన్నారు.

పడవల సంగతి నాకు చెప్పకండి అనబోయాను. అనలేదు. అన్నది ఇంకోటి.

"అయ్యగారూ, మరి మీ ముక్కు మీద కళ్లజోడు ఎందుకు?"

ఆయన మొహం వాడిపోయింది. బట్టలు ఆరేస్తున్న ఆవిడ చెయ్యి తీగ మీద ఆగిపోయింది. నేను నమస్కారమైనా చెప్పకుండా వచ్చేశాను. దారిలో ఒకసారి అనకుండా ఉండాల్సింది అనిపించింది. మలుపు తిరిగేసరికి ఇంకా రెండు మాటలు అని ఉండాల్సింది అనిపించింది.

ఆయన మంచివాడే. భయపడుతున్నాడు. భయపడేవాళ్ల మీద నాకు ఇంత కోపం ఉంటుందని తెలియదు.

ఆగస్టు 17, శనివారం

రిబ్బన్లు పెట్టి వచ్చాను. సరిగ్గా.

ఆగస్టు 18, ఆదివారం

గొంతు బాగోలేదని చదవలేదు. అందరూ ఆమె గొంతు కోసం ప్రార్థన చేశారు. గొంతు కోసం.

దేవుడా, నీతోనే మాట్లాడుతున్నాను. పక్కకు చూడకు. ఇంత పెద్ద మందిరంలో నీ మాటను మాటగా నమ్మింది ఆమె ఒక్కతే. మిగతావాళ్లం ఎందుకైనా మంచిదని ఒక చెయ్యి నీకిచ్చి, ఇంకో చేత్తో తాళంచెవులు పట్టుకుని కూర్చునేవాళ్లం. ఆమె రెండు చేతులూ వదిలేసింది. వదిలినదాన్ని పట్టుకోవాలని నీకు అనిపించలేదా. ఒక్క కన్ను అడిగింది. అది కూడా కొత్తది కాదు, ఉన్నది.

సరంగు నోరు మంచిది కాదు, కానీ పైన ఉన్నాడని తెలుస్తుంది. బూతులైనా కిందికి వినబడతాయి. నీ దగ్గరినుంచి ఒక బూతైనా రాదు.

ఆగస్టు 20, మంగళవారం

మధ్యాహ్నం ప్రయాణం మధ్యలో గాలివాన పట్టుకుంది. ఎక్కేటప్పుడు ఎండ కాస్తోంది. నడి నీళ్లలోకి వచ్చేసరికి ఇంజను గదిలో ఉన్న నాకు కూడా వెలుగు మారడం తెలిసింది, మెట్ల పైనుంచి పడే ఎండ పలక ఒక్కసారిగా మాయమైంది. తర్వాత అల తగిలింది. నూనె డబ్బా ఈ గోడ నుంచి ఆ గోడకు వెళ్లి పగిలింది. పైన ప్రయాణికుల ఏడుపులు, సామాన్లు దొర్లే చప్పుడు, ఎవరో తమ దేవుణ్ణి, ఎవరో తమ అమ్మను పిలవడం.

రెండు గంటలు. ఆపాను. మూడు. వెనక్కి. మళ్లీ ఒకటి. ముందుకు, పూర్తి వేగం. ఆ తర్వాత గంట లేదు.

చూస్తూ ఉన్నాను, నా తల మీద వేలాడే గంటనే. లాంచీ వెనక భాగం అల మీదికి లేచినప్పుడల్లా అడుగునుండే ఫ్యాను నీళ్లు వదిలి గాల్లో గిర్రున తిరుగుతోంది, ఇంజను గొంతు చించుకుని అరుస్తోంది. వేగం తగ్గించు, తగ్గించు అని చెయ్యి దానంతట అదే కడ్డీ మీదికి పోతోంది. పగిలిన డబ్బాలోంచి నూనె కాళ్ల కిందికి వచ్చింది. గంటకు కట్టిన తాడు తెగిందేమో అనుకున్నాను. అతను పడిపోయాడేమో అనుకున్నాను. పైన ఎవడూ లేని లాంచీని ఒక వెర్రివాడు కింద కూర్చుని తోలుతున్నాడేమో అనుకున్నాను. గట్టిగా అరిచాను, అతని పేరు పెట్టి, తర్వాత ఇంకెవరి పేరో పెట్టి. ఎవరికీ వినబడి ఉండదు. చెయ్యి మాత్రం కడ్డీ మీదనుంచి తియ్యలేదు, కడ్డీని వెనక్కి లాగలేదు. కొత్త గంట లేదు కాబట్టి పాత గంటే.

ఎంతసేపో తెలియదు. మెట్ల మీద మళ్లీ వెలుగు పడింది. రెండు గంటలు మోగాయి. ఆపాను. రేవు.

అతను చొక్కా పిండుకుంటూ కిందికి దిగాడు. నేను ముందు తిట్టాను. గంట ఎందుకు కొట్టలేదు, నువ్వు చచ్చావనుకున్నాను, ఒక్క గంట కొడితే నీ సొమ్మేం పోయింది అని అడిగాను. అంతా నిలబడి విన్నాడు.

"చక్రం తిప్పడానికి రెండు చేతులూ చాల్లేదు మునీశ్వరా. తాడు లాగడానికి మూడో చెయ్యితో కనలేదు మా అమ్మ" అన్నాడు. తర్వాత నూనెలో పడకుండా నా భుజం పట్టుకుని, "వేగం తగ్గి ఉంటే అడ్డం తిరిగి బోల్తా పడేవాళ్లం. నువ్వు కింద తగ్గించవని తెలుసు కాబట్టే తాడు వంక చూడలేదు" అన్నాడు.

మొన్న తగ్గించాను కదా అన్నాను. అందుకేగా అన్ని తిట్లు తిట్టింది అన్నాడు.

ఇంటికి వెళ్లేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. నేను ఎదురుగా వచ్చేదాకా నేనని తెలియలేదు. చెయ్యి చాపి నా మొహం తడిమి చూసింది. తడిసిపోయారు అంది. అంతే. నూనె వాసన వస్తోంది, స్నానం చెయ్యండి అంది.

ఆగస్టు 21, బుధవారం

ఇంజను గది కడగడంతోనే సరిపోయింది.

సరంగు గంట కొట్టకపోవడానికి కారణం ఉందని నీకు కూడా మార్కులు వేస్తున్నానని అనుకోకు. సరంగు మనిషి. దిగివచ్చి, ఎందుకు కొట్టలేదో చెప్పాడు. నువ్వు చెప్పవు. చెప్పేదాకా నాకు కోపం పోదు. ఇద్దరికీ ఒకే లెక్క వెయ్యను.

కానీ ఒకటి అడుగుతున్నాను, నన్ను నేనే. నాకు వచ్చిన చివరి గంట ఏది?

మా పెళ్లినాడు అప్పటి పాస్టరుగారు, ఈమెను రోగంలోనూ ఆరోగ్యంలోనూ కాపాడుకుంటావా అని దేవుని ముందు అడిగారు. నేను ఊ అన్నాను. ఊ కాదు నాయనా, నోరు తెరిచి మాటగా చెప్పు అన్నారు. మందిరమంతా నవ్వింది, ఆమె కూడా ముసుగులో నవ్వింది. చెప్పాను, మాటగా.

ఆ తర్వాత నాకు ఇంకో గంట మోగలేదు. ఆ గంటను ఆపమని కూడా ఎవరూ కొట్టలేదు. నేనే ఊరికే చెయ్యి తీసేసి కూర్చున్నాను, గుమ్మాన్ని తిడుతూ.

ఆగస్టు 24, శనివారం

రేపు ఏం చెయ్యాలో తెలుసు. ఆమెతో చెప్పలేదు. చెబితే వద్దంటుంది. చెప్పకపోవడం తప్పే.

ఆగస్టు 25, ఆదివారం

సాక్ష్యాల సమయంలో లేచాను. మందిరమంతా తలలు తిప్పింది, పాస్టరుగారు చేతిలో కాగితం కింద పెట్టేశారు. ఆమె నా చొక్కా అంచు పట్టుకుంది. వదిలించుకుని ముందుకు వెళ్లాను.

"నా భార్య కళ్లు బాగవలేదు" అన్నాను.

ఆమేన్ అత్త అలవాటు కొద్దీ పెద్దగా ఆమేన్ అనేసింది. అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరూ నవ్వలేదు.

"ఆమె అబద్ధం చెప్పలేదు, అడిగింది నమ్మింది. ఆయన ఇంకా చెయ్యలేదు. చెయ్యలేదని చెబితే ఆయనేమీ చిన్నవాడైపోడు. నాకు ఆయన మీద చాలా కోపంగా ఉంది. అయినా ఆయన పడవ దిగి ఎక్కడికీ పోను. ఆమెను కాపాడమని ఆయనే ఇక్కడ నిలబెట్టి నాతో మాట తీసుకున్నాడు. ఈ రోజునుంచి చుక్కలు నేను వేస్తాను."

ఇంకేదో అనాలనుకున్నాను, మర్చిపోయాను. వచ్చి కూర్చున్నాను. ఎవరూ ఆమేన్ అనలేదు. పాస్టరుగారు కళ్లజోడు తీశారు, చేతిలో పట్టుకుని చాలాసేపు దానివంకే చూశారు, మళ్లీ పెట్టుకుని, ప్రార్థన చేద్దాం అన్నారు. ప్రార్థన మొదలుపెట్టలేక ఆగిపోయారు. మొత్తానికి నిశ్శబ్దంగానే చేశాం.

దారి పొడుగునా ఆమె నా చెయ్యి పట్టుకోకుండా నడిచింది. రెండుచోట్ల రాయి తగిలింది. పట్టుకోబోతే విదిలించింది. ఇంటికొచ్చాక ఒక్కటే అంది.

"నా కళ్లు మీరు తీసుకెళ్లి అందరి ముందూ పరిచారు."

నిజమే.

ఆగస్టు 26, సోమవారం

మాటల్లేవు. సీసా బల్ల మీద పెట్టాను. సాయంత్రానికి ఫ్రిజ్‌లో ఉంది.

ఆగస్టు 27, మంగళవారం

బల్ల మీద. ఫ్రిజ్‌లో.

ఆగస్టు 28, బుధవారం

అంతే. నేను వెయ్యగలను, ఆమె తల ఎత్తాలి. అది నా గంట కాదు.

కాలి నొప్పి పోయిందన్నామె వచ్చి, వీధి చివరి డాక్టరు దగ్గర కట్టు కట్టించుకుని వస్తున్నానని మా ఇంటావిడతో చెప్పి వెళ్లింది. ఇద్దరూ వంటగదిలో గుసగుసలాడుకున్నారు. నేను బయటే కూర్చున్నాను.

ఆగస్టు 29, గురువారం

పొద్దున నేను పనికి బయల్దేరుతుంటే ఆమె పెరట్లోంచి స్టూలు తెచ్చుకుంది. నేను విసిరేసినప్పుడు దాని ఒక కాలు వదులైంది, కదిలిపోతోంది. దాన్ని కిటికీ దగ్గర పెట్టి, దాని మీద కూర్చుని తల వెనక్కి వంచింది. కళ్లు మూసుకుని ఉంది.

"మీరు నా సాక్ష్యం వెనక్కి ఇచ్చేశారుగా. ఇక వేసుకున్నా అబద్ధం కాదు" అంది. "కోపం మాత్రం అలాగే ఉంది. కన్ను తెరుస్తాను, వెయ్యండి."

ఇంజనులో వెంట్రుకంత సందు కూడా సరిచేసే చెయ్యి ఇది. మొదటి చుక్క ముక్కు మీద పడింది. రెండోది చెంప మీద.

"మందిస్తున్నారా, బాప్తిస్మం ఇస్తున్నారా?" అంది.

మూడోది కంట్లో పడింది. ఆమె కన్ను గట్టిగా మూసి, వేలితో మూల నొక్కి పట్టుకుంది, డాక్టరమ్మ నేర్పినట్టు. మర్చిపోలేదు.

లాంచీకి ఆలస్యంగా వెళ్లాను. సరంగు తిట్టాడు. హాయిగా అనిపించింది.

ఆగస్టు 31, శనివారం

డాక్టరమ్మ చూసింది. మమ్మల్ని బాగా తిట్టింది, ఇద్దరినీ సమంగా. పోయినంత మేర పోయింది. నడిమి చూపు మిగిలింది. ఒత్తిడి తగ్గితే అది నిలుస్తుంది, నిలవచ్చు అంది. ఆ నిలవచ్చు అన్న మాటకు నాకు మళ్లీ కోపం వచ్చింది. ఎవరి మీదో నీకు తెలుసు.

సెప్టెంబరు 4, బుధవారం

స్టూలు కాలు బిగించాను. గుమ్మానికి రెండు పక్కలా తెల్ల రంగు వేశాను. వడ్రంగి అక్కర్లేదు.

సాయంత్రం పాస్టరుగారు వచ్చారు. ఆమె టీ ఇచ్చింది, ఆయన గ్లాసు అందుకోవడానికి లేచి ఎదురువెళ్లారు. మందు వేసుకోమని ఆ రోజే చెప్పాల్సింది, చెప్పలేదు అన్నారు ఆమెతో. ఆదివారం పడవ భాగం మళ్లీ చెప్పమ్మా, పేజీ తెరవక్కర్లేదు అన్నారు. రిబ్బను సంగతి ఆమే ఆయనకు చెప్పినట్టుంది. నా వైపు చూసి, నీ కోపం కొంచెం నాకు కూడా అంటుకుంది తమ్ముడూ అన్నారు. ముందస్తు సాక్ష్యాల గురించి ఏమీ అనలేదు. నేను అడగలేదు.

సెప్టెంబరు 7, శనివారం

ఇంజను మామూలే. మందిరంలో రిబ్బన్లు పెట్టి వచ్చాను.

పడవ భాగంలో మధ్యన ఒక మాట ముందా వెనకా అని అనుమానంగా ఉంది, ఒకసారి చదివి పెట్టండి అంది. ఇంట్లో గ్రంథం తీసి కిటికీ దగ్గర కూర్చుని చదివాను. నా చదువు సంగతి తెలిసిందే, రాళ్ల మీద బండి నడిచినట్టు. ఆమె కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూ విన్నది. ఆయన తలగడ మీద నిద్రపోతున్న చోటుకు వచ్చాను. శిష్యులు ఆయన్ని లేపి, మేం మునిగి చస్తుంటే నీకు పట్టదా అని అడిగే చోటు. చదివాను.

"అక్కడ అంత గట్టిగా అరవకండి. అది ప్రార్థన" అంది.

"వాళ్లకు కోపమొచ్చింది. అది కోపమే."

కన్ను తెరిచి నావైపు చూసింది. నేను ఉన్న చోటుకే చూసింది, కొంచెం తల తిప్పి, మిగిలిన చూపు నా మీద పడేలా.

"కోప్పడ్డారని లేచాడా?" అంది.

"అందులోనే ఉన్నాడు కాబట్టి లేచాడు."

"ఇంకా లేవలేదుగా మనకి."

లేవలేదు అన్నాను. నీకు పట్టదా అన్న మాట ఎలా చదివానో మళ్లీ చదవమంది. చదివాను, అలాగే, గట్టిగా. పక్కింటి రేడియో ఆగింది. ఆమె నాతో పాటు చెప్పింది, రేపు మందిరంలో చెప్పబోయేట్టుగా, నాకంటే గట్టిగా.

చుక్కల వేళయింది. స్టూలు తెచ్చాను.